డబ్బా మనది, తాళంచెవి ఎవరిది?

2023 ఫిబ్రవరి చివర్లో కొండగట్టు అంజన్న గుడిలో దొంగలు పడ్డారు. అర్ధరాత్రి దాటాక లోపలికి దూరి స్వామివారి వెండి సామగ్రి ఎత్తుకుపోయారు. తెల్లారేసరికి జగిత్యాల జిల్లా అంతా అదే మాట. గుడిలోని సీసీ కెమెరాల్లో దొంగల కదలికలు దొరికాయి. ఆ జాడ పట్టుకుని పోయిన పోలీసులు కొద్ది రోజుల్లోనే కర్ణాటకలోని బీదర్ వైపు ముఠాను పట్టుకున్నారు. సొత్తులో కొంత వెనక్కి వచ్చింది. దేవుడి ఇంట్లో పడ్డ దొంగను కెమెరా పట్టించిందన్న మాట చుట్టుపక్కల ఊళ్లలో బాగా నాటుకుంది.

నాటుకోవడం మంచిదే. మల్యాల నుంచి కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల దాకా ఇప్పుడు కెమెరా లేని షట్టర్ వెతుక్కోవాల్సిందే. బంగారం దుకాణాల సంగతి సరే. కిరాణం కొట్టు, మందుల షాపు, సాంచాల షెడ్డు, బీడీ కార్ఖానా, ప్రైవేటు బడి, ఆఖరికి పాలకేంద్రం దాకా గోడ మీద ఒక తెల్ల బుడ్డి వేలాడుతూనే ఉంటుంది. చట్టం కూడా ఇదే కోరుతోంది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో తెచ్చిన ప్రజా భద్రత చర్యల అమలు చట్టం ప్రకారం, వంద మంది, అంతకు మించి జనం చేరే చోట కెమెరాలు ఉండాలి, 30 రోజుల ఫుటేజీ దాచాలి, పోలీసులు అడిగితే ఇవ్వాలి. తెలంగాణ వచ్చాక ‘నేను సైతం’ పేరుతో పోలీసులే వీధివీధికీ తిరిగి చందాలతో కెమెరాలు పెట్టించారు. ఒక్క కెమెరా వంద మంది పోలీసులతో సమానమని ప్రతి ప్రారంభోత్సవంలోనూ వింటున్నాం.

ఆ కెమెరాలన్నీ వెళ్లి కలిసే చోటు గురించి మాత్రం ఏ ప్రారంభోత్సవంలోనూ వినబడదు. టీవీ బల్ల కింద, గల్లాపెట్టె వెనక, బీరువా మీద దుమ్ము పట్టి ఉండే నల్ల డబ్బా, డీవీఆర్. ఈ సంపాదకీయం దాని గురించే. ఆ డబ్బాను ఇంటి కంప్యూటర్‌కు, ఇంటి ఇంటర్నెట్‌కు ఎలా పడితే అలా కలిపేస్తున్న తీరు ప్రమాదకరంగా ఉంది. దొంగల భయంతో కొన్న వస్తువు దొంగకే దారి అవుతోంది.

టీవీ పక్కన పెడతాం, టీవీలోనే చూస్తాం కాబట్టి డీవీఆర్ కూడా పాత వీసీఆర్ లాంటిదేనని చాలామంది అనుకుంటారు. మూత తీసి చూస్తే సంగతి వేరు. అందులో ప్రాసెసర్ ఉంటుంది, మెమరీ ఉంటుంది, చాలా వాటిలో లైనక్స్ ఉంటుంది, హార్డ్ డిస్క్ ఉంటుంది, వెనక ల్యాన్ వైరు పెట్టే రంధ్రం ఉంటుంది. అంటే అది పూర్తి స్థాయి కంప్యూటర్. పైగా రాత్రింబగళ్లు ఆగకుండా నడిచే కంప్యూటర్. ఇంట్లో పిల్లల ల్యాప్‌టాప్‌కు యాంటీవైరస్ వేయిస్తాం, ఫోన్‌కు లాక్ పెట్టుకుంటాం. ఈ డబ్బాను బిగించిన రోజు నుంచి చెడిపోయే రోజు దాకా ఎవరూ ముట్టుకోరు.

బిగించే తీరు చూడండి. కెమెరాల అబ్బాయి వస్తాడు. నాలుగు మూలల నాలుగు కెమెరాలు పెట్టి, వైర్లు లాగి, 12 వోల్టుల అడాప్టర్ తగిలించి, డబ్బాలో ఒక టెరాబైట్ డిస్కు వేస్తాడు. యూజర్ నేమ్ దగ్గర అడ్మిన్ అని ఉంటుంది. పాస్‌వర్డ్ దగ్గర తనకు గుర్తుండే ఒకే ఒక్క మాట కొడతాడు. పొద్దున జగిత్యాల టవర్ సర్కిల్ దగ్గర షాపులో కొట్టింది అదే, మధ్యాహ్నం కోరుట్లలో కొట్టింది అదే, రేపు వేములవాడలో కొట్టబోయేదీ అదే. రిపేరుకు పిలిస్తే పని సులువు కావాలి కదా! తర్వాత డబ్బా మీది క్యూఆర్ కోడ్‌ను ముందుగా తన ఫోన్‌లో స్కాన్ చేసి, కెమెరాలు కనబడుతున్నాయని చూసుకుని, ఆ తర్వాత యజమాని ఫోన్‌లో యాప్ వేస్తాడు. యజమాని దుబాయ్‌లో ఉంటే ఆ క్యూఆర్ కోడ్‌ను ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతాడు. డబ్బులు తీసుకుని వెళ్లిపోతాడు. డబ్బా మనింట్లో ఉంది. తాళంచెవి ఒకటి అతని దగ్గర ఉండిపోయింది, ఇంకొకటి వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. అసలు తాళం ఏమిటో ఇంట్లో వాళ్లెవరికీ తెలియదు.

ఆ అబ్బాయిని తిట్టడానికి ఇది రాయడం లేదు. ఎండలో నిచ్చెనెక్కి రోజుకు రెండు మూడు చోట్ల పని చేసే కుర్రాడికి ఎవరూ ఇంతకంటే నేర్పలేదు, ఇంతకంటే అడిగిన యజమానీ లేడు.

కంప్యూటర్‌కు కలపడం దగ్గర అసలు తంటా మొదలవుతుంది. దుకాణంలో బిల్లింగ్ కంప్యూటర్ ఉంది, ఇంట్లో కొడుకు చదువు కోసం కొన్న డెస్క్‌టాప్ ఉంది. వేరే మానిటర్ ఎందుకు దండగ, దీన్ని దానికే కలిపేస్తే పోలా అన్నది సహజమైన ఆలోచన. మొదట హెచ్‌డీఎంఐ వైరు తెచ్చి డీవీఆర్ వెనక ఒక కొస, కంప్యూటర్ వెనక ఇంకో కొస గుచ్చుతారు. ఏమీ రాదు. ఆ రెండు రంధ్రాలూ బొమ్మను బయటికి పంపేవే, లోపలికి తీసుకునేది ఏదీ లేదు. ఇందులో ప్రమాదం లేదు, వైరు డబ్బులు దండగ, అంతే.

రెండో దారి ల్యాన్ వైరు. డీవీఆర్‌కు, కంప్యూటర్‌కు నేరుగా వైరు వేసి, రెండింటికీ ఒకే వరుస ఐపీ అడ్రసు ఇస్తే కంప్యూటర్‌లో బొమ్మ వస్తుంది. ఒక మాట ఒప్పుకోవాలి. ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ లేకపోతే ఇంతకు మించిన భద్రమైన పద్ధతి లేదు. బయటి ప్రపంచంతో పొత్తే లేని రెండు పెట్టెల మధ్య వైరు అది. కానీ ఇంటర్నెట్ లేని కంప్యూటర్ ఇవాళ ఎవరింట్లో ఉంది? వైఫై ఆన్‌లో ఉంటుంది, అదే కంప్యూటర్‌లో జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు పనులు, పిల్లల సినిమాలు అన్నీ నడుస్తుంటాయి. అందులో విండోస్ కూడా చాలాచోట్ల అసలుది కాదు. అసలుదే అయినా విండోస్ 10 కావచ్చు. దానికి మైక్రోసాఫ్ట్ సాధారణ భద్రతా మద్దతును 2025 అక్టోబరు 14తో ఆపేసింది.

దీనికి తోడు పాత డీవీఆర్‌లకు ఒక రోగం ఉంది. కంప్యూటర్‌లో వాటి పేజీ తెరిస్తే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కావాలంటాయి, యాక్టివ్‌ఎక్స్ అనే ప్లగిన్ వేయమంటాయి. ఎక్స్‌ప్లోరర్‌కు మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న స్వస్తి చెప్పింది. అయినా బొమ్మ రావాలి కాబట్టి ఎలాగోలా దాన్ని లేపుతారు. సెక్యూరిటీ సెట్టింగులు అట్టడుగుకు దించుతారు. ప్లగిన్‌కు యాంటీవైరస్ అడ్డం పడితే దాన్ని ఆపేస్తారు, ఫైర్‌వాల్‌ను కూడా ఆపేస్తారు. తెర మీద నాలుగు గళ్లలో నాలుగు బొమ్మలు రాగానే అందరి ముఖాలూ వెలుగుతాయి. ఆపిన వాటిని మళ్లీ ఆన్ చేసిన వాళ్లు అరుదు. ఆ సాయంత్రం అదే కంప్యూటర్‌లో ఆ ఇంటాయన బ్యాంకు పాస్‌వర్డ్ కొడతాడు.

అంటే నష్టం రెండు వైపులా ఉంది. కంప్యూటర్‌లో పురుగు ఉంటే అది డీవీఆర్‌లోకి పాకవచ్చు. డీవీఆర్‌ను ఎవరైనా లొంగదీసుకుంటే అక్కడి నుంచి కంప్యూటర్‌ను తడుముతారు. ఒకే రౌటర్ కింద ఉన్నవన్నీ ఒకే ఇంట్లోని గదులు. ఒక గదిలోకి వచ్చినవాడికి మిగతావి దూరం కాదు.

మూడో దారి ఇంకా చెడ్డది. దుబాయ్ నుంచో హైదరాబాద్ నుంచో చూడాలంటే రౌటర్‌లో పోర్టులు తెరిచేయడం. కొందరు డీవీఆర్‌ను మొత్తంగా డీఎంజడ్‌లో పెట్టేస్తారు. అంటే రౌటర్ కాపలా అంతా తీసేసి డబ్బాను నడిబజార్లో నిలబెట్టినట్టే. ఇలా తెరిచిన పరికరాల కోసం ఇంటర్నెట్‌ను గంటగంటా గాలించే యంత్రాలు ఉన్నాయి. మన ఊరి పేరు వాటికి తెలియనక్కర్లేదు. ఐపీ అడ్రసులను వరుసగా తడుముతూ పోతాయి, జవాబిచ్చిన డబ్బా దగ్గర ఆగి కంపెనీ ఇచ్చిన పాత పాస్‌వర్డులు ఒక్కొక్కటే కొట్టి చూస్తాయి.

ఇది భయపెట్టడానికి అల్లిన కథ కాదు. 2016లో అమెరికాలో ముగ్గురు కుర్రాళ్లు ‘మిరాయ్’ అనే చిన్న ప్రోగ్రాం రాశారు. అది చేసిన పని చాలా సాదా. కంపెనీలు పెట్టి వదిలేసిన 60కి పైగా యూజర్ నేమ్, పాస్‌వర్డ్ జతల జాబితా దగ్గర పెట్టుకుని, లోకంలోని కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్ల తలుపులు తట్టింది. తెరుచుకున్న ప్రతి దాన్నీ తన సేనలో కలుపుకుంది. ఒక దశలో ఆ సేన 6 లక్షల పరికరాలకు చేరింది. 2016 అక్టోబరు 21న మిరాయ్‌తో డైన్ అనే కంపెనీ మీద దాడి చేస్తే, ట్విటర్, నెట్‌ఫ్లిక్స్, రెడిట్ లాంటి పెద్దపెద్ద సైట్లు అమెరికాలో, ఐరోపాలో గంటల తరబడి అందకుండా పోయాయి. ఎక్కువగా లొంగినవి షియాంగ్‌మై అనే చైనా కంపెనీ తయారుచేసిన భాగాలతో నడిచే కెమెరాలు, డీవీఆర్‌లు. ఆ కంపెనీ అమెరికాలో అమ్మిన కొన్నింటిని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ముగ్గురు కుర్రాళ్లూ 2017లో కోర్టులో నేరం ఒప్పుకున్నారు. కానీ అప్పటికే ఆ ప్రోగ్రాం రాతప్రతిని ఇంటర్నెట్‌లో పడేసి ఉన్నారు. దాని పిల్లలు, మనవలు ఇప్పటికీ తిరుగుతున్నాయి.

మన డబ్బా ఇలాంటి సేనలో చేరినా మనకు తెలియదు. బొమ్మ వస్తూనే ఉంటుంది, రికార్డు అవుతూనే ఉంటుంది. నెట్ కాస్త నెమ్మదించిందని కేబుల్ అబ్బాయికి ఫోన్ చేస్తాం, అంతే.

పాస్‌వర్డ్ మార్చుకున్నా తీరని లోపాలూ ఉంటాయి. 2021 సెప్టెంబరులో హిక్‌విజన్ పరికరాల్లో ఒక కన్నం బయటపడింది. దాని ద్వారా పాస్‌వర్డ్ అక్కర్లేకుండానే లోపలికి వెళ్లి పరికరాన్ని పూర్తిగా చేజిక్కించుకోవచ్చు. కంపెనీ వెంటనే కొత్త ఫర్మ్‌వేర్, అంటే డబ్బాను నడిపే లోపలి ప్రోగ్రాం, ఇచ్చింది. ఇచ్చినా, మన గోడల మీది పెట్టెల్లో ఎన్నింటికి ఆ ఫర్మ్‌వేర్ ఎక్కింది? ఎక్కించాలని చెప్పేవాడు ఎవరు?

పరువుకు సంబంధించిన నష్టం ఇంతకంటే బరువైంది. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రిలో మహిళలను పరీక్షిస్తున్న దృశ్యాలు యూట్యూబ్‌లో కనబడ్డాయి. పూర్తి వీడియోలు కావాలంటే డబ్బు కట్టి టెలిగ్రామ్‌లోకి రమ్మని పిలుపు. అవి ఆ ఆసుపత్రి సీసీ కెమెరాల ఫుటేజీలే. అహ్మదాబాద్ సైబర్ క్రైం పోలీసులు తవ్వుతూ పోతే మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్ దాకా మనుషులు దొరికారు. ఇంకా ఎన్నో చోట్ల కెమెరాలు ఇలాగే లొంగాయని తేలింది. ఆ ఆసుపత్రి పాస్‌వర్డ్ అడ్మిన్ అన్న మాట పక్కన ఒకటి, రెండు, మూడు అంకెలేనని పత్రికలు రాశాయి. ప్రయాగరాజ్ కుంభమేళాలో స్నానం చేస్తున్న మహిళల వీడియోలు అమ్మినవాడు కూడా అదే కేసులో చిక్కాడు.

కొండగట్టు కోనేరు దగ్గర, హనుమాన్ జయంతి రోజుల్లో లక్షల జనం కదిలే మెట్ల దగ్గర, గదులు అద్దెకిచ్చే సత్రాల దగ్గర ఉన్న కెమెరాల పాస్‌వర్డులు ఎవరి దగ్గర ఉన్నాయని అడగడం ఎవరినీ అవమానించడం కాదు. చిన్న జయంతికి మాల విరమించడానికి ఆడవాళ్లు, పిల్లలతో వచ్చే కుటుంబాల తరఫున అడగాల్సిన ప్రశ్న అది.

ఈ ప్రాంతానికి ఇంకో ప్రత్యేకత ఉంది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల పల్లెల్లో గల్ఫ్ పోయినోళ్లు లేని వాడ దొరకదు. దుబాయ్‌లోనో మస్కట్‌లోనో దోహాలోనో డ్యూటీ దిగి, క్యాంపు గదిలో మంచం మీద ఒరిగి, ఫోన్‌లో ఇంటి వాకిలి చూసుకునే మనిషికి ఆ నాలుగు గళ్ల బొమ్మ ఎంత ఊరటో వేరే చెప్పక్కర్లేదు. వాకిట్లో నాయన కూర్చున్నాడా, పొలం నుంచి బండి వచ్చిందా, బిడ్డ బడి బస్సు దిగిందా. రెండు మూడేళ్లకు ఒకసారి సెలవు మీద వచ్చేవాడికి అది ఇంటితో మిగిలిన పొత్తు. దాన్ని వద్దనే హక్కు ఎవరికీ లేదు.

అయితే ఈ ఇళ్లలో కెమెరా వాకిలి దగ్గర ఆగడం లేదు. హాల్లోకి వస్తోంది, కొన్నిచోట్ల పడకగది తలుపుదాకా వస్తోంది. కొడుకు గల్ఫ్‌లో ఉన్న ఇంట్లో ఉండేది ముసలి అత్తమామలు, కోడలు, చిన్నపిల్లలు. ఆ ఇంటి దృశ్యాలు దుబాయ్‌లోని భర్తతో పాటు బిగించిన అబ్బాయి యాప్‌లోనూ కనబడతాయని, క్యూఆర్ కోడ్ ఫోటో ఉన్న ప్రతి ఫోన్ నుంచీ ఒకడు ప్రయత్నించి చూడవచ్చని ఆ కోడలికి ఎవరైనా చెప్పారా? నాలుగు గోడల మధ్య తిరిగే మనిషిని అడగకుండా కెమెరా పెట్టడం మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇంకోసారి చేద్దాం. పెట్టిన కెమెరా ఎందరికి కనబడుతుందో ఆమెకు తెలియాలి, కనీసం అంతవరకైనా.

సిరిసిల్ల సాంచాల షెడ్లలోనూ ఇదే తంతు. ఆసామి ఇంట్లో కూర్చుని షెడ్డు చూసుకుంటాడు. షెడ్డులో పని చేసేవాళ్లలో ఆడవాళ్లూ ఉంటారు. ఒకరి అనుమతి లేకుండా వారి ఆంతరంగిక దృశ్యాన్ని తీసినా, పంచినా ఐటీ చట్టం 66ఇ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా ఉంది. నేరం చేసింది వేరొకడే అయినా, పోలీసులు ముందుగా తట్టేది కెమెరా యజమాని తలుపే.

ఇక సాక్ష్యం సంగతి. దొంగతనం జరిగితేనే కదా డీవీఆర్ విలువ తెలిసేది. సరిగ్గా అప్పుడే మనవాళ్లు చేసే తప్పు ఒకటి ఉంది. పొద్దున తాళం పగిలి కనబడుతుంది. అందరూ డబ్బా చుట్టూ మూగుతారు. ఫుటేజీ పెన్‌డ్రైవ్‌లోకి తీయడం రాదు, లేదా తీరిక లేదు. కంప్యూటర్లు తెలిసిన మేనల్లుడు వస్తాడు. డీవీఆర్ మూత విప్పి, హార్డ్ డిస్క్ ఊడదీసి, నేరుగా ఇంటి కంప్యూటర్‌కు తగిలిస్తాడు. ఎన్నో డీవీఆర్‌లు డిస్కు మీద రాసే పద్ధతి విండోస్‌కు తెలియదు. వెంటనే ఒక పెట్టె వస్తుంది: ఈ డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా? మేనల్లుడు సరేనంటాడు. నాలుగు సెకన్లలో డిస్కు ఖాళీగా కనబడుతుంది. అయ్యో అనుకుని మళ్లీ తీసుకెళ్లి డీవీఆర్‌లో పెడతాడు. డీవీఆర్ దాన్ని కొత్త డిస్కు అనుకుని మొదటి నుంచి రాయడం మొదలుపెడుతుంది. ఫార్మాట్ ఒక్కటే అయితే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్ వాళ్లు ఎంతో కొంత వెలికితీయగలరేమో. పైన కొత్తది రాసిన మేరకు బ్రహ్మ తరం కూడా కాదు. దొంగ చేయలేని పని ఇంటి మనిషి చేసినట్టయింది.

డిస్కు జోలికి పోకుండా ఉన్నా గండం తప్పదు. ఒక్కో కెమెరా సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున రాస్తే నాలుగు కెమెరాలకు రోజుకు 170 జీబీ దాటుతుంది. ఒక టెరాబైట్ డిస్కు ఆరు రోజులు కూడా నిండకుండానే నిండిపోయి, పాతదాని మీద కొత్తది రాసుకుంటూ పోతుంది. చట్టం చెప్పిన 30 రోజులు దాచాలంటే అలాంటివి ఐదారు కావాలి. కొత్త పద్ధతి కంప్రెషన్‌తో కొంత తగ్గుతుంది, నిజమే. కానీ ఊరికి పోయి పది రోజులకు తిరిగొచ్చిన కుటుంబానికి తాళం పగిలిన రాత్రి బొమ్మ మిగిలి ఉండకపోవచ్చు. గడియారం తప్పిన డీవీఆర్‌లు మరో బాధ. లోపలి చిన్న బ్యాటరీ అయిపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంది. 2000 జనవరిలో జరిగినట్టు కనబడే దొంగతనాన్ని కోర్టులో నిరూపించాలంటే లాయరు ఎన్ని తిప్పలు పడాలో!

కోర్టు దగ్గర నియమం గట్టిది. ఎలక్ట్రానిక్ సాక్ష్యం నకలు ఇస్తే దానితో పాటు సర్టిఫికెట్ తప్పనిసరని సుప్రీంకోర్టు 2020 జులైలో అర్జున్ పండిత్‌రావు కేసులో తేల్చి చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ ఆ సర్టిఫికెట్‌ను ఇంకా బిగించింది. పరికరం సరిగ్గా పనిచేస్తోందని యజమానో దాన్ని నడిపే మనిషో రాసివ్వాలి, ఫైలు మారలేదని చూపే హాష్ విలువ వేయాలి, నిపుణుడు కూడా సంతకం పెట్టాలి. ఎవరి దగ్గరెవరి దగ్గరో పాస్‌వర్డ్ ఉన్న డబ్బా గురించి, మేనల్లుడు డిస్కు పీకిన డబ్బా గురించి ఏ యజమాని గుండె మీద చెయ్యి వేసుకుని సంతకం పెడతాడు? పెట్టినా, అవతలి వకీలు అడిగే మొదటి ప్రశ్న అదే.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనలేం. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ 2024 ఏప్రిల్‌లో సీసీ కెమెరాల భద్రతకు కొత్త ప్రమాణాలు ప్రకటించి, ఒకసారి వాయిదా వేసి, 2025 ఏప్రిల్ 9 నుంచి అమలు చేసింది. పరీక్షలో నెగ్గిన కెమెరాలే మార్కెట్లోకి రావాలి. మంచి నిర్ణయం, ఆలస్యంగా వచ్చింది. అయితే ఆ నియమం కొత్తగా అమ్మే వాటికే. పదేళ్లుగా మన గోడలకు వేలాడుతున్న వాటిని అది తాకదు. పాత స్టాకును అగ్గువకు అమ్మే కొట్లు ఎక్కడున్నాయో వెతకడానికి కరీంనగర్ దాకా పోనక్కర్లేదు.

ఇంట్లో చేయాల్సిన పని నిజానికి ఒక పూట పని. బిగించిన అబ్బాయినే మళ్లీ పిలవండి. అడ్మిన్ పాస్‌వర్డ్‌ను మీ చేత్తో మార్చి, కాగితం మీద రాసి బీరువాలో పట్టా కాగితాల దగ్గర పెట్టుకోండి. యాప్‌లో ఆ డబ్బాను ఎవరెవరి ఖాతాలకు కలిపారో చూపించమనండి, అక్కర్లేనివన్నీ తీయించండి. దుబాయ్‌లో ఉన్న మనిషికి చూడటానికి మాత్రమే పనికొచ్చే వేరే యూజర్ పేరు ఇవ్వండి. సెట్టింగులు మార్చే అధికారం ఆయనకూ అక్కర్లేదు. రౌటర్‌లో పోర్టులు తెరిచి ఉంటే మూయించండి, పోర్టులను తనంతట తానే తెరిచే యూపీఎన్‌పీ ఆపించండి. రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ సౌకర్యం ఉంటే డీవీఆర్‌ను అందులోకి మార్చండి, బ్యాంకు పని చేసే కంప్యూటర్‌తో దానికి పొత్తు ఉండకూడదు. కంప్యూటర్‌లో చూడక తప్పదనుకుంటే కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్‌ను కంపెనీ సైట్ నుంచే తెచ్చుకోండి, దాని కోసం యాంటీవైరస్ ఆపమంటే వద్దనండి. ఫర్మ్‌వేర్ కొత్తది ఉందేమో చూడమనండి. కంపెనీ ఇక ఫర్మ్‌వేర్ ఇవ్వడం మానేసిన డబ్బా అయితే ఇంటర్నెట్ వైరు పీకేయండి. రికార్డు ఎలాగూ అవుతుంది, దూరం నుంచి చూసే సుఖం ఒక్కటే పోతుంది. ఆ సుఖం కోసం ఇంటిని తెరిచిపెట్టుకోవడం తగదన్నది మా అభిప్రాయం.

దొంగతనం జరిగితే డిస్కు ఊడదీయొద్దు. అవసరమైన గంటల ఫుటేజీని డీవీఆర్ సొంత మెనూ నుంచే పెన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ తీయండి. అది రాకపోతే డబ్బా కరెంటు ఆపి పోలీసులకు చెప్పండి, డబ్బాను డబ్బాగానే అప్పగించి రసీదు తీసుకోండి. మీ కెమెరాలను ఎవరో బయటినుంచి చూస్తున్నారని అనుమానం వస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడానికి సిగ్గుపడొద్దు.

ఇంట్లోవాళ్ల మీదే భారం వేసి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. ‘నేను సైతం’ అని చందా అడిగి కెమెరాలు పెట్టించిన పోలీసు శాఖకు ఇందులో వాటా ఉంది. ఊరి కూడలిలో కెమెరాల పెట్టె ప్రారంభించే రోజున ఎస్‌ఐ గారు అడగాల్సిన ప్రశ్న ఒకటే: పాస్‌వర్డ్ మార్చారా, ఎవరి దగ్గర ఉంది? జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో కెమెరాలు బిగించే కుర్రాళ్లను ఒక్కరోజు పిలిచి సైబర్ విభాగం వాళ్లు శిక్షణ ఇవ్వలేనంత పెద్ద పనేమీ కాదు ఇది. మున్సిపాలిటీలు ట్రేడ్ లైసెన్సు ఇచ్చేటప్పుడు కెమెరాలు అమ్మే దుకాణాలకు ఒక షరతు పెట్టవచ్చు. బిగింపు బిల్లు మీద, జీఎస్టీ నంబరు కింద, ‘పాస్‌వర్డ్ యజమాని చేత మార్పించాం, మా ఖాతా తీసేశాం’ అనే వరుస ఉండాలి, దాని కింద ఇద్దరి సంతకాలూ ఉండాలి. ఆ వరుస లేని బిల్లుకు యజమాని డబ్బు ఆపవచ్చు.

అంజన్న గుడి యాజమాన్యం ముందుగా ఆ పని చేసి చూపితే బాగుంటుంది. వచ్చే చిన్న జయంతికి ఇంకా వ్యవధి ఉంది. గుట్ట మీది కెమెరాలన్నింటి పాస్‌వర్డులు మార్చి, డీవీఆర్‌లు ఏ కంప్యూటర్లకు, ఏ ఇంటర్నెట్‌కు కలిసి ఉన్నాయో ఒక పట్టిక రాయించి, సత్రాల వాళ్లనూ అదే చేయమని నోటీసు ఇవ్వడానికి ఆ వ్యవధి సరిపోతుంది.